చెన్నమ్మ బావి దగ్గర మూడో పిలుపు

"మీవాడు సాక్షి, ముద్దాయి కాదు. పని అయిపోయిన రోజే మా మనుషులు వెంట వచ్చి, మీ గడప ముందర దించి పోతారు. ఇది నా మాట."

ఈ మాట ఇచ్చింది పడమటి సముద్రం ఒడ్డున ఒక రేవు పట్నంలో, ఫ్యాను కింద కూర్చున్న ఒక పెద్ద ఆఫీసరు. తీసుకున్నది జంగంకుంట నల్లప్ప, ఆయన పెద్దకొడుకు మద్దిలేటి. 2002 చివర్లో సంగతి. వాళ్ళిద్దరికీ హిందీ రాదు. పక్కనున్న జవాను ఒకడు తెలుగులో చెప్పినాడు. నల్లప్ప చేతులెత్తి మొక్కినాడు. కటకటాల అవతల నిలబడిన చిన్నకొడుకు సుంకప్ప కూడా మొక్కినాడు.

ఆ మాట ఏమైందో తెలియాలంటే ముందు చెన్నమ్మ బావి సంగతి తెలియాల.

అనంతపురం జిల్లా గార్లదిన్నెకు ఎగువన హైవే దిగి రెండు మైళ్ళు లోపలికి పోతే జంగంకుంట. ఊరికీ హైవేకీ నడుమ, కాలిబాటకు కాస్త ఎడంగా, ఒక పాత కపిల బావి ఉండాది. ఎద్దులతో కపిల తోలిన కాలంలో దాని కింద చేన్లన్నీ పారేవంట. ఇప్పుడు చుట్టూ బీడు. అంచు చుట్టూ కట్టిన ఒర రాళ్ళు సగం ఎవరెవరో ఇళ్ళకు ఎత్తుకుపోయినారు. మిగిలిన సగం మీద నీలం రంగుతో సర్కారు నినాదం 'నీరు – మీరు' అని ఎవరో రాసి పోయినారు. నీరు లేదు. మీరు అన్నది ఎవరినో ఆ బావికే తెలియాల.

వెనకటి కరువులో బావి ఎండిపోయినప్పుడు ఊరి ఆడవాళ్ళను వంతులవారీగా మోకు కట్టి లోపలికి దించేవాళ్ళు. అడుగున చెలిమ తోడి, చెంబుతో కడవ నింపాల. పైనున్నవాళ్ళు చేదుకోవాల. ఆ రోజు వంతు చెన్నమ్మది. ఆమె అడుగున ఉండగా ఊర్లోకి నీళ్ళ ట్యాంకరు వచ్చిందని కేక వినపడింది. ఇంకేముంది... ఊరంతా బిందెలెత్తుకొని పరిగెత్తింది. మోకు పట్టుకున్నవాళ్ళు కూడా పరిగెత్తినారు.

చెన్నమ్మ కింది నుంచి పిలిచింది. ట్యాంకరు దగ్గర కొట్లాటలో ఎవరికి వినపడుతుంది? ఎవరికో గుర్తొచ్చి తిరిగి వచ్చేలోపల పక్కగోడ విరిగి ఆమె మీద పడింది.

అప్పటి నుంచి ఆ బావి పిలుస్తుందని పేరు.

పిలిస్తే ఏం చేయాల? దానికి సీమలో ఒక కట్టుబాటుంది. రాత్రిపూట ఎవరు పిలిచినా ఒకటో పిలుపుకు పలకకూడదు. రెండో పిలుపుకూ పలకకూడదు. దెయ్యానికి రెండు మార్లే పిలిచే శక్తి. మూడో మారు పిలవగలిగేది మనిషే. కాబట్టి మూడో పిలుపుకు 'ఓ' అనాల. పాలు మరవని పిల్లకు కూడా ఈ పాఠం నేర్పుతారు.

అయితే ఆ కట్టుబాటులో ఒక తిరకాసు ఉంది. అది తరువాత తెలిసింది.

రాత్రిపూట ఆ బాటలో ఎవరికి పని అంటే, రైతుకు. మోటార్లు తిరిగే త్రీ ఫేజు కరెంటు ఆ ఏడు రాత్రిళ్ళే వచ్చేది. ఏ జాములో వస్తుందో ఇచ్చేవాళ్ళకూ తెలియదు. పట్నాలకు దీపాల తోరణాలు, దున్నేవాడికి నడిరేయి. ఇదీ మన సమానత్వం. బోరులో అర ఇంచు నీళ్ళున్న మనిషి కూడా కండువా తలకు చుట్టుకొని, బ్యాటరీ లైటు పట్టుకొని పోవాల్సిందే. పాము కరిచినా, స్టార్టర్ డబ్బా షాకు కొట్టినా, బావి పిలిచినా సరే.

మద్దిలేటికి ఎండిపోతున్న చీనీ చెట్లు, అంటే బత్తాయి, కొన్ని ఉన్నాయి. వాటి కోసం ప్రతి రాత్రీ ఆ బాటలోనే పోయేవాడు.

తమ్ముడు సుంకప్పకు ఆ చెట్ల మీద నమ్మకం లేదు. ఒక ఏడు వేరుశనగ ఊడలు దిగకనే ఎండింది. మరుసటి ఏడు విత్తనమే మొలవలేదు. పనికోసం గుత్తి జంక్షన్‌కు పోయినాడు. ఆడ ఒక మేస్త్రీ దొరికినాడు. బొంబాయి పక్క లాంచీ మీద వంటపని ఇప్పిస్తానన్నాడు. అంతవరకూ సుంకప్ప చూసిన పెద్ద నీళ్ళు పామిడి దగ్గర పెన్నలో ఎప్పుడో వచ్చిన వరద ఒక్కటే.

"ఈత రాదు కదరా నీకు?" అన్నాడు మద్దిలేటి.

"వంట చేసేకి ఈతెందుకన్నా? చారులో మునుగుతానా?" అని నవ్వి బస్సెక్కినాడు.

నెలలు గడిచినాయి. ఒక పొద్దు పోలీసు వచ్చి, మీవాడు సముద్రంలో మత్తుమందు లాంచీ మీద పట్టుబడినాడని చెప్పినాడు. మత్తుమందు అంటే ఏందో నల్లప్పకు తెలియదు. సారాయా అని అడిగినాడు. పోలీసు నవ్వినాడు. అప్పు చేసి తండ్రీకొడుకులు రైలెక్కి ఆ రేవు పట్నానికి పోయినారు. ఫ్యాను కింద మాట అప్పుడు ఇచ్చిందే.

గడప ముందర దించుతామని ఆఫీసరు అన్నాడు కాబట్టి నల్లప్ప గడప వదల్లేదు. తిండి ఆడనే, పడక ఆడనే. పోను పోను మాట తగ్గిపోయింది. పీర్ల పండగ పోయింది, ఉగాది పోయింది, దసరా వచ్చింది. మద్దిలేటి ఎస్టీడీ బూతుకు పోయి, హిందీ వచ్చిన బూతు పిల్లోనితో ఫోన్ చేయిస్తే, ఆ సాహెబు బదిలీ అయినాడన్నారు. మా తమ్ముడో అంటే, ఏ తమ్ముడు అన్నారు.

సర్కారు దగ్గర మనిషికి మొహం ఉండదు. కేసుంటుంది.

2003 దసరా వెళ్ళిన వారంలో, ఊర్లోనే ఇంకో రైతు కుళ్ళాయప్ప మోటారు వేసేకి పోయినవాడు చెప్పులు లేకుండా ఊర్లోకి వచ్చి పడినాడు. నోట్లోంచి మాట రాలేదు. తెల్లారి టీ హోటల్లో వచ్చింది.

"పిలిచిందప్పా. అన్నా... అని. మగ గొంతు. మొదటి పిలుపుకు నిలబడినా—"

"రెండో పిలుపుకు నీ చెప్పులు నిలబడినాయి. నువ్వు ఊర్లో ఉండావు" అన్నాడు మద్దిలేటి.

హోటలంతా నవ్వింది.

"నవ్వుతావులే. నువ్వు పోతావు కదా ఆ బాటలోనే."

"మూడోది విన్యావా మరి?"

"మూడోది వినేకి నాకేమన్నా రెండు ప్రాణాలుండాయా?"

మరుసటి రాత్రి ఇంకొకడు మోపెడ్డు బాటలోనే పడేసి వచ్చినాడు. వాడిదీ అదే మాట. చెన్నమ్మ మగ గొంతు ఎత్తుకుందన్నారు. దెయ్యానికి గొంతులకు కరువా అన్నారు.

మోటారు రిపేరుకు పోయి ఆ రెండు రాత్రులూ ఇంట్లోనే ఉన్న మద్దిలేటి, అది బాగై వచ్చిన మూడో రాత్రి కండువా తలకు చుట్టుతుంటే భార్య సరళ వాకిలికి అడ్డం నిలబడింది.

"ఈ పొద్దు పోవద్దు. చెట్లు పోతే పోనీ."

"చెట్లు కూడా పోతే ఇంగ మిగిలేదెవురే? నువ్వూ నేనూ, గడపలో మా నాయన."

గడపలో ముసలాయన కదల్లేదు. మద్దిలేటి ఆయన కాళ్ళు దాటుకొని పోయినాడు.

చీకటి. గాలి ఉంది కానీ అది ఊదేకి ఏమీ లేదు. ఆకు లేదు, పైరు లేదు. ఎండిన కంపచెట్లు మాత్రం సన్నగా ఈల వేస్తున్నాయి. బ్యాటరీ వెలుతురు పండిన ఆకు రంగులో పడుతోంది. సెల్లు అయిపోవచ్చింది. దాన్ని మిగిల్చుకుందామని ఆర్పినాడు. మళ్ళీ భయమేసి వెలిగించినాడు.

బావి దగ్గరికి వచ్చేసరికి దగ్గు వచ్చింది. ఆపుకుందామనుకుంటే ఇంకా ఎక్కువైంది...

"అన్నా..."

దగ్గు నిలిచిపోయింది.

గొంతు ఎక్కడో నేల కింది నుంచి వచ్చినట్టుంది. మట్టి నోట్లో పెట్టుకొని పలికినట్టుంది.

మద్దిలేటి పరిగెత్తలేదు. ధైర్యం ఉండి కాదు, కాళ్ళు రాలేదు. కట్టెలా నిలబడిపోయినాడు.

"అన్నా..."

రెండు.

ఇంక లేదు. గాలి కూడా నిలిచినట్టయింది. ఊర్లో ఇంతవరకూ ఎవరూ ఇంతసేపు నిలబడలేదు. అందరికీ మూడో పిలుపు కట్టుబాటు తెలుసు. కానీ మొదటి పిలుపుకే పరిగెత్తినవాళ్ళకు మూడోది ఎట్ల వినపడుతుంది? ఆ సంగతి అప్పుడు తట్టింది మద్దిలేటికి. తట్టి ఏం లాభం? ఎంతసేపు నిలబడినాడో తెలియదు. ఇంక పిలవదు, దెయ్యమే అనుకొని, ఒక కాలు ఎట్లో ఎత్తి వెనక్కి వేసినాడు—

"మద్దిలేటీ!"

గట్టిగా, స్పష్టంగా వచ్చింది. చెవి పక్కన నిలబడి కసిరినట్టు వచ్చింది.

"ఓ..." అన్నాడు. తను అన్నాడో, తన నోరు అనిందో.

పాక్కుంటూ ఒర దాకా పోయి లైటు లోపలికి వేసినాడు. రాళ్ళు, కంప, ఇంకా కింద ఒక మనిషి. గడ్డం. రెండు కండ్లు వెలుతురుకు మూసుకుపోయినాయి.

"ఎవుర్రా?"

పెదాలు కదిలినాయి. మాట రాలేదు. మళ్ళీ కదిలినాయి.

"నేనన్నా... సుంకన్ని."

"మా సుంకప్ప సముద్రం పక్క జెయిల్లో ఉండాడు. నువ్వెవురు?"

కింది నుంచి సన్నగా—

"చారులో మునగలేదన్నా... ఈడ మునిగినా... నీళ్ళు ల్యాకుండా."

మద్దిలేటి ఒర మీద తల పెట్టి ఏడ్చినాడు.

మోటారు షెడ్డుకు పరిగెత్తి క్యానులో నీళ్ళు పట్టుకొని, సన్న తాడు తెచ్చి దించినాడు. కింద గుటకలు వినపడినాయి. దగ్గు, మళ్ళీ గుటకలు. లైటు ఆరిపోయింది. చీకట్లోకి వంగి అడిగినాడు.

"ఎట్ల వస్తివిరా? ఎవురు తెచ్చిరి?"

"ఎవురూ తేలేదు. రైలు టికెట్టు చేతిలో పెట్టి పొమ్మన్నారు. సోమవారం సోమవారం మన పోలీసు టేసన్లో కనపడల్లంట."

"తోడు వస్తామంటిరి కదరా! గడప ముందర దించుతామంటిరి కదరా!"

"అడిగినా. ఎవురన్నారు అన్నారు... గుత్తిలో దిగినా. లారీ వాడు హైవేలో దించినాడు. దప్పికన్నా. నేను ఊరు వదిలి పోయేటప్పుడు ఈ బావి అడుగున చెలిమ ఉండె కదా. సముద్రాన్నే చూసొచ్చినోన్ని, చెన్నమ్మకు భయపడేదేంది అని దిగినా. కింది మెట్లు లేవు. కాలు ఇరిగింది."

"పిలవకపోయినావా?"

"పగలంతా అరిచినా. బీడు కదా, కాకి కూడా రాలేదు. రాత్రి లైటు కనపడితే పిలిచినా. నాకు తెల్దా మన కట్టుబాటు? లెక్కగా మూడు మార్లూ పిలిచినా. మూడో మారుకు మనిషి ఉండడు... పరిగెత్తే సప్పుడు..."

మద్దిలేటికి టీ హోటల్లో తను చేసిన ఎగతాళి గుర్తొచ్చింది.

"ఉండు. మనుషుల్ని పిల్చుకొస్తా."

"పోవద్దన్నా. ఒక్క గడియ... పోయినోళ్ళు మళ్ళీ రారు. చెప్తాండా, ఇను. నాకు ఏమన్నా అయితే నీకన్నా తెలిసుండల్ల."

చెప్పినాడు. మాటకూ మాటకూ నడుమ ఊపిరి తీసుకుంటూ చెప్పినాడు.

"నడి సముద్రంలో ఇంకో లాంచీ వచ్చి గోతాలు ఎక్కించిందన్నా. గోధుమపిండి అన్నారు. పిండయితే వంటోన్ని నన్ను ముట్టనిస్తారు కదా? ముట్టనీలేదు. ఆ లాంచీలో నిలబడి ఎవురు ఎక్కించినారో నేను చూసినా. రేవులో పెద్ద మనిషి. కారుండాది. ఆయప్ప పేరు కూడా చెప్పినా నన్ను పట్టుకున్నోళ్ళకు."

"తరువాత?"

"ఆ రాత్రి అన్నం వారుస్తాండా. లాంచీ తోలే సరంగు దీపాలన్నీ ఆర్పమన్నాడు. చీకట్లో ఒక గొంతు... మైకులో. ఆపండి, ఎవురు మీరు అని. నీళ్ళ మీద ఊరుండదు కదన్నా, మైకు యాడి నుంచి వస్తాది? నేను దెయ్యమే అనుకున్నా. మన ఊరి బుద్ధి! నోరు మూసుకొని కూర్చున్నా. రెండో మారు పిలిచినారు. సరంగు గోతాలు నీళ్ళల్లోకి తోయమన్నాడు. మూడో మారు పిలిచినారు. అప్పుడు తెలిసింది మనుషులని. 'ఓ' అని అరుద్దామని లేచినా..."

"అరిస్తివా?"

"నోట్లో గుడ్డ కుక్కినాడు సరంగు."

కింద క్యాను దొర్లిన చప్పుడు.

"సర్కారు గస్తీ ఓడ లైటేసింది. సముద్రమంతా పగలైపాయ. మా ముందర నీళ్ళల్లోకి కాల్చినారు. సరంగు మిగిలిన గోతాల మీద డీజిలు పోసి అంటించినాడు. సరుకు కాలిపోతే సాక్ష్యం ఉండదంట."

"మనుషులుండారు కదరా దాంట్లో!"

"మనుషులు సరుకు కాదు కదన్నా. వాళ్ళ గురించి ఎవురు అడుగుతారు?... ఆరుమందిమి దూకినాం. డీజిలు క్యాను కరుచుకొని తేలినా. నన్నూ సరంగునూ పైకి లాగినారు. తక్కిన నలుగురూ చీకట్లో పిలుస్తానే ఉండారు. ఓడ వాళ్ళు చానాసేపు లైటు తిప్పి తిప్పి వెతికినారు, అబద్ధం చెప్పకూడదు. దొరకలేదు. పిలుపు మాత్రం ఆగలేదన్నా నా చెవుల్లో... ఈ బావిలో కూడా."

మద్దిలేటి ఒర మీద నుంచి ఇంకా కిందికి వంగినాడు.

"సరంగుకు బెయిలొచ్చింది. మరి నాకో అన్నా. నువ్వు సాక్షివి, సాక్షికి బెయిలేంది అన్నారు. ఏడాది కూర్చోబెట్టినారు. ఒకరోజు ఆ కారుండే ఆయప్ప పేరు మళ్ళీ అడిగినారు. మళ్ళీ చెప్పినా. మరుసటి పొద్దు చేతిలో టికెట్టు పెట్టినారు."

అంతే. ఆపైన గొంతు లేదు. "సుంకా, రేయ్ సుంకా" అని పిలిచినా ఒక మూలుగు మాత్రం వచ్చింది.

మద్దిలేటి ఊర్లోకి పరిగెత్తి తలుపులు బాదినాడు. తలుపులు తెరుచుకోలేదు. కిటికీలు తెరుచుకున్నాయి.

"మా తమ్ముడు! బావిలో ఉండాడు. మోకు తీసుకొని రాండప్పా!"

"మీ తమ్ముడు సముద్రంలో పట్టుబడె కదప్పా" అన్నాడు కుళ్ళాయప్ప కిటికీలో నుంచి. "సముద్రం నుంచి బావికి దారుండాదా?"

"మాట్లాడినాడ్రా నాతో!"

"మాట్లాడతాది. నీ తమ్ముని గొంతు ఎత్తుకొని మాట్లాడతాది. పలికినావా నువ్వు? పలికింటావు! అయిపాయ. సరళమ్మా, ఈయప్పను పట్టుకోండి, వేపమండలు తెస్తా."

"వేపమండలు కాదురా, మోకు తేరా! మూడు మార్లు పిలిచినాకే పలికినా!"

"మూడోది విన్యావా?" కుళ్ళాయప్ప మొహం కిటికీ ఊచలకు అతుక్కుపోయింది. "నిజంగా?"

ఐకమత్యమే బలం అని బళ్ళో గోడల మీద రాసిన ఊరు అది. అంత ఊర్లో ఆ రాత్రి ముందుగా బయటికి అడుగు వేసింది ఒకే మనిషి. ఏడాదిగా గడప వదలని నల్లప్ప. లేచినాడు, గోడ పట్టుకున్నాడు, కొట్టంలోకి పోయి ఎద్దుల మోకు భుజాన వేసుకొని వచ్చినాడు. ఎద్దులు ఎప్పుడో కటికవానికి పోయినాయి. మోకు మిగిలింది.

"పదరా" అన్నాడు. నెలల తరువాత ఆయన నోట్లోంచి వచ్చిన మాట అది.

సరళ చిన్న మంచం నెత్తిన పెట్టుకొని వెంట నడిచింది. ముగ్గురు. మంచం దించినారు. మద్దిలేటి లోపలికి దిగి తమ్మున్ని దాని మీద పడుకోబెట్టి కట్టినాడు. పైన ముసలాయన, ఒక ఆడమనిషి, ఇద్దరే. లాగితే మంచం మూరెడు లేస్తుంది, మళ్ళీ జారుతుంది. నల్లప్ప అరచేతులు తెగి మోకు తడిసింది. కిందున్న మద్దిలేటి రెండు చేతులా మంచాన్ని పైకి ఎత్తి పట్టుకొని, ఇంక పట్టలేక, దించలేక, నక్షత్రాలకేసి చూస్తూ నిలబడినాడు.

ఉన్నట్టుండి మంచం తేలికైంది. పైన కుళ్ళాయప్ప గొంతు వినపడింది.

"లాగుమ్మా... ఇంకొంచెం... నేను పట్టుకున్యా. సుంకన్నా, నన్ను తిట్టొద్దు."

అతని వెనక ఇంకో నలుగురు. మొదటివాడు గడప దాటితే తక్కినవాళ్ళూ దాటుతారు. ఆ మొదటి అడుగు కోసం ఎదురుచూస్తూనే మనుషులు చచ్చిపోతుంటారు.

తెల్లవారేసరికి టెంపోలో వేసి అనంతపురం ఆసుపత్రికి చేర్చినారు. కాలు మోకాలి కింద తీసేయాలన్నారు, తీసేసినారు. బతుకుతాడన్నారు. నల్లప్ప ఆసుపత్రి మెట్ల మీద కూర్చొని మొదటిసారి తనివితీరా ఏడ్చినాడు.

సాయంత్రానికి ఒక పోలీసు వచ్చినాడు. సుంకప్ప మంచం పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నాడు.

"ఏం సార్?" అన్నాడు మద్దిలేటి.

"మీవాడు సోమవారం టేసన్లో కనపడల్ల. కనపడలేదు. పరారీ అని పైకి పోయింది. నయం కాగానే తీసుకుపోవల్ల."

"సోమవారం బావిలో ఉన్యాడు సార్, కాలు ఇరిగి!"

"అట్లని చెప్పుకోండి."

"ఎవురికి?"

పోలీసు ఆలోచించినాడు. నిజంగానే ఆలోచించినాడు, చెడ్డవాడు కాదు. "తెలియదప్పా" అన్నాడు.

రాత్రయింది. వార్డులో దీపం సన్నగా వెలుగుతోంది. సుంకప్పకు మెలకువ వచ్చింది. అన్న చేయి పట్టుకున్నాడు. మద్దిలేటి, వానికి ధైర్యంగా ఉంటుందని, జరిగిందే చెప్పినాడు.

"నేనూ పరిగెత్తేవాన్నే రా. కాలు ఎత్తినా కూడా. నువ్వు మూడోసారి అంత గట్టిగా పిలవకపోయింటే..."

"మూడోసారా?" అన్నాడు సుంకప్ప.

"అదేరా. చెవి పక్కన కసిరినట్టు."

సుంకప్ప అన్న చేయి వదిలినాడు.

"నేను రెండు మార్లే పిలిచినానన్నా. దగ్గు విని నువ్వేనని తెలిసి పిలిచినా. మూడోసారి పిలిచేకి గొంతు రాలేదు. నోరు తెరిచినా, గాలి వచ్చింది. నువ్వు కూడా పోతావని కండ్లు మూసుకున్యా... అంతలోనే 'ఓ' అంటివి."

"మద్దిలేటీ అని పిల్చినావు కదరా. పేరు పెట్టి."

"పుట్టిన కాన్నుంచి నిన్ను పేరు పెట్టి ఎప్పుడన్నా పిల్చినానా, అన్నా?"

పోలీసు కుర్చీని మెల్లగా దీపం కిందికి జరుపుకున్నాడు.

ఆ గొంతు మగదో ఆడదో మద్దిలేటి ఎంత తలచుకున్నా చెప్పలేకపోయినాడు. పైనుంచి వచ్చిందో, కింది నుంచో, నడి సముద్రం నుంచో. అది ఎవరిదని జంగంకుంట ఎవరినీ అడగడం లేదు. అది ఊరు తేల్చుకుంటుంది.

సర్కారును అడిగేది వేరే ఉంది. సుంకప్ప సాక్షి అయితే ఆ కుర్చీలో నుంచి పోలీసు లేవాల. ముద్దాయి అయితే ఫ్యాను కింద ఇచ్చిన మాట అబద్ధమని ఆ ఆఫీసరు నోటితోనే చెప్పాల. నీళ్ళల్లో పిలిచి పిలిచి మునిగిన నలుగురి పేర్లేందో, వాళ్ళ ఇళ్ళు యాడనో, ఆ ఇళ్ళ గడపలకు ఎవరు పోయి చెప్పినారో తెలియాల. కారున్న పెద్ద మనిషి పేరు రెండోసారి చెప్పిన మరుసటి పొద్దే సాక్షి చేతిలో టికెట్టు ఎందుకు పెట్టినారో తెలియాల.

ఆ మాట ఇచ్చి ఏడాది నిండుతుంది కాబట్టి, సర్కారు జవాబు 2003 డిసెంబరు 31లోగా కావాల.